ఏడు గంటల దాకా ఖాళీగా ఉన్న సర్వర్

కోలారు జిల్లాలో ఒక పాల కంపెనీ డేటాబేస్ చూసుకోవడం నా ఉద్యోగం. ఊళ్ళలో పోసే ప్రతి క్యాను వివరమూ రాబర్ట్‌సన్‌పేటలో ఉన్న మా సర్వర్‌లో నమోదైతేనే రైతు చేతికి చీటీ వస్తుంది. తక్కిన పాల కేంద్రాలు పొద్దున ఏడుకు తెరుస్తారు. బైరకూరులో ఆవులెక్కువ కాబట్టి ఆరుకే క్యూ కడతారు. ఒక నెలంతా అక్కడ ఏడు దాకా ఒక్క చీటీ రాలేదు. పాలు క్యూలోనే పుల్లబడుతున్నాయని రైతులు తిట్టిపోశారు.

మా మేనేజరు మహా మేధావి. తప్పెప్పుడూ కిందివాళ్ళదేనని ఆయనకు పుట్టుకతోనే తెలుసు. "ఆ యమ్మ ఏడుకు గానీ రాదప్పా. ఒక రిపోర్టు రాసియ్యి, తీసేస్తాము" అన్నాడు. ఆ యమ్మంటే బైరకూరులో ఎంట్రీలు కొట్టే ఆవిడ. భర్త లేడు, ఆ జీతంతోనే ఇల్లు గడవాలి. నేనేమైనా తక్కువ తిన్నానా? సర్వర్ సీపీయూ ఎంత పని చేసిందో చూశాను. ఏడు దాకా ఖాళీ. సీపీయూ ఖాళీగా ఉందంటే మనిషి పని మొదలుపెట్టనట్టేనని రాసి సంతకం పెట్టాను. మర్నాడే ఆవిడను రావద్దన్నారు.

ఆ సీట్లోకి మేనేజరుగారి మేనల్లుడు వచ్చాడు. చీటీలు మళ్ళీ ఏడుకే వచ్చాయి. ఈసారి మాత్రం తప్పు నెట్‌వర్క్‌దట.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తీశాను సర్వర్‌లోని వెయిటింగ్ లెక్కలు. ఏ పని దేనికోసం ఎంతసేపు ఆగిందో చెప్పే లెక్కలవి. బైరకూరు ఎంట్రీలన్నీ ఆరు నుంచీ ఒకే తాళం దగ్గర నిలబడి ఉన్నాయి; ఒకరు తెరిచిన ఎంట్రీ సేవ్ అయ్యేదాకా తక్కినవాటిని సర్వర్ ఆపేసే తాళమది. ఆ తాళం వేసింది మేనేజరుగారి కంప్యూటరే. కొత్తగా ఆయనొక ఆనవాయితీ పెట్టుకున్నారు. రోజూ మొదటి ఎంట్రీని అభిషేకం పాల కింద దేవుడి పేరున తెరుస్తారు, పూజ ముగించి తీర్థం పుచ్చుకున్నాకే సేవ్ నొక్కుతారు. అందాకా ఊరంతా ఆగాలి.

ఆయనకు చూపించాను. "దేవుని పనిని తప్పంటావేమప్పా?" అన్నాడు. అంత మాట నేనెక్కడ అనగలను, పూజయ్యాకే తెరవమన్నాను. మర్నాడు చీటీలు ఆరుకే వచ్చాయి. అదంతా దేవుడి దయేనని ఆయన ఆఫీసంతా చెప్పుకున్నారు.

ఆవిడను మళ్ళీ పిలవమని పోట్లాడి ఒప్పించి, నేనే బైరకూరు వెళ్ళాను. ఆవిడ వాకిట్లో పట్టుగూళ్ళు ఏరుతోంది.

"తప్పు మీది కాదమ్మా, రేపట్నుంచి రండి" అన్నాను.

"ఆరుకే వచ్చినానని ఆ పొద్దే మీ మేనేజరుకు చెప్తిని గదప్పా. రాలేదని రాసినోళ్ళు ఎవురు?"

"నేనేనమ్మా."

ఆవిడ చేతిలోని గూడు బుట్టలో వేసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మిషన్ని అడిగినావు," అంది. "నన్నొక మాట అడిగింటే ఏం పోయిండేదప్పా?"