మక్కలెత్తే నిచ్చెన

పందొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా సరికాదేమో. దాని మీద కూర్చొని బతికాను. ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను, నలుగురిలో మంచివాణ్ననిపించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. కోరుట్లలో నాకొక వెల్డింగ్ షెడ్డు ఉందని తెలిస్తే చాలు. ముఖం తెలియనివాళ్లకే కొన్ని చెప్పుకోగలం.

రాజేశం గురించి చెప్పాలి. వాళ్లది సిరిసిల్ల, నేతపని చేసే కుటుంబం. అతను మాత్రం బట్ట నేయడం కంటే మరమగ్గాలు బాగుచేయడంలో మంచి పనివాడు. చెడిన మగ్గం పక్కన నిలబడి, చప్పుడు విని ఏ చక్రం పన్ను అరిగిందో చెప్పేవాడట. అప్పట్లో సిరిసిల్లలో పని పడిపోయింది. మగ్గాలు ఆగిపోయాయి. కొందరు వాటిని విప్పి పాత ఇనుము కింద తూకానికి అమ్ముకున్నారు. మగ్గాలే లేనప్పుడు బాగుచేసేవాడికి పనేముంటుంది? భార్య పద్మ పుట్టిల్లు కోరుట్ల. ఆమె బీడీలు చేసేది. ఆమె చేతిపని మీద బతకాల్సి వచ్చిందని సిగ్గుపడుతూ, ఒకరోజు నా షెడ్డు ముందు నిలబడి పని అడిగాడు. నాకంటే ఐదారేళ్లు చిన్న. మొదటి రోజు నుంచే అన్నా అని పిలిచాడు.

నేను గేట్లు, కిటికీలు చేసేవాణ్ని. మా నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. నేను ఇనుము పట్టాను. పని వచ్చుగానీ కొత్తగా ఏదీ తోచేది కాదు. రాజేశానికి తోచేది.

ఆ రోజుల్లో మా వైపు ఊళ్లలో మగవాళ్లు ఎక్కడున్నారు? సగం మంది దుబాయిలో, మస్కట్‌లో. మొక్కజొన్న కంకులు పట్టించి మక్కలు ఒలిపించాక కల్లంలో గింజల కుప్ప పడి ఉండేది. దాన్ని ట్రాలీలోకి ఎత్తే మనుషులు దొరికేవారు కాదు. ఆడవాళ్లే గంపలకెత్తి, తలమీద పెట్టుకొని, ట్రాలీ మీద నిలబడ్డ మనిషికి అందించేవాళ్లు. పొద్దున మొదలుపెడితే ఒక ట్రాలీ నిండేసరికి మధ్యాహ్నమయ్యేది. రాజేశం ఒకసారి ఆ పనిని చూసొచ్చి, షెడ్డు నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు. ఏటవాలుగా నిలబడే ఒక ఇనుప నిచ్చెన. దాని మీద గొలుసు. గొలుసుకు వరసగా చిన్న చిన్న రేకు డబ్బాలు. కింది చివరను కుప్పలో దించి మోటారు వేస్తే, డబ్బాలు గింజలను తోడుకొని పైకెక్కి ట్రాలీలో గుమ్మరిస్తాయి. అంతే. చూస్తే ఎవరికైనా తోచేదే అనిపిస్తుంది. ఎవరికీ తోచలేదు మరి.

నాలుగు నెలలు చేశాడు. నా పని అయ్యాక తన పని. పళ్లచక్రాలు సిరిసిల్లకు పోయి, విప్పేసిన మగ్గాల ఇనుములోంచి ఏరి తెచ్చుకున్నాడు. నేను అక్కడక్కడ వెల్డింగ్ పెట్టాను. అంతవరకే నా చెయ్యి.

ఇంతలో రాజేశానికి వీసా వచ్చింది. మస్కట్‌లో పని. ఏజెంటు తొందర పెడుతున్నాడు. మెడికల్ పరీక్షకు హైదరాబాద్ రమ్మన్నాడు. సరిగ్గా అదే రోజు, వానల వల్ల రెండుసార్లు వాయిదా పడ్డ మా మిషన్ పరీక్ష కూడా కుదిరింది. రాయికల్‌లో ఒక రైతు తన కల్లంలో పెట్టి చూడటానికి ఒప్పుకున్నాడు. షెడ్డులో మోటారు వేసి వట్టిది తిప్పడం వేరు, కుప్పలో దించడం వేరు. రాజేశం బస్సెక్కే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, మెడికల్‌కైతే పోయొస్త. గని నువ్వు నడిసిందని ఒక్క మాట అను, పాసుపోర్టు పెట్టెల వెట్టి తాళమేస్త. ఈడనే ఉంట."

అతను ఉండాలో పోవాలో నా ఒక్క మాట మీద పెట్టి వెళ్లాడు.

మిషన్ నడిచింది.

ఈ రెండు మాటలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. నడవడమంటే మామూలుగా కాదు. రైతు ఇంట్లోంచి టీ వచ్చి, మేం తాగి గ్లాసులు కింద పెట్టేసరికి ట్రాలీ సగం దాటింది. ఒకటి నిండింది. రెండోది తెప్పించారు. అదీ నిండింది. నేను ట్రాలీ ఎక్కి గింజలు చేతుల్లోకి తీసుకొని చూశాను. పిడికిలి తర్వాత పిడికిలి. ఒక్కటీ పగలలేదు.

పనికి వచ్చిన ఆడవాళ్లు గంపలు ఒళ్లో పెట్టుకొని చూస్తున్నారు. వాళ్లలో ఒక ముసలామె అడిగింది.

"ఎవలు జేసిన్రు కొడుకా గీ మిషను?"

"నేనే జేసిన అవ్వా" అన్నాను.

ఎందుకన్నాను? ముందుగా అనుకొని వచ్చింది కాదు. ఒట్టు. నేను చేసిన గేటును చూసి ఎవరు చేశారని ఏనాడూ ఎవరూ అడగలేదు. గేటు తెరుస్తారు, మూస్తారు. ఆ పూట అక్కడున్న వాళ్లందరూ ఒక్కసారి నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు నాకు బాగుంది. రైతు నా భుజం మీద చెయ్యేసి, నాకొకటి కావాలి, మా బావకొకటి కావాలి అన్నాడు. నేను తలూపాను.

అక్కడితో ఆగి ఉంటే అది చిన్న బడాయి, అంతే. మరునాడు రాజేశానికి చెప్పి నవ్వుకునేవాళ్లం. కానీ తిరిగొస్తూ ట్రాక్టర్ మీద కూర్చొని ఆలోచించాను. ఇతను ఉంటే రాయికల్ వస్తాడు. మిషన్ ఎవరిదో తెలిసిపోతుంది. నేను అబద్ధాలకోరునవుతాను. అదే భయమా? కాదు. భయం కింద ఇంకొకటి ఉంది. ఇతను ఉంటే నేను మళ్లీ గేట్లవాణ్నే. ఇతను పోతే?

రైతు ఇంటికి తీసుకుపొమ్మని ఒక సంచిలో నాలుగు కిలోల మక్కలు ఇచ్చాడు. షెడ్డుకు వచ్చి తలుపు దగ్గరికి వేశాను. రెండు పిడికిళ్లు ఇనుప దిమ్మ మీద పోసి సుత్తె తీశాను. గట్టిగా కొడితే పిండవుతున్నాయి. మిషన్‌లో నలిగినట్టు కనపడాలంటే మెల్లగా, పక్కవాటంగా కొట్టాలి. కొన్ని పారేశాక చెయ్యి కుదిరింది. ఈ పని చేస్తున్నంతసేపూ నేను వణకలేదు. పని చేస్తున్నట్టే చేశాను. నాకు నా మీద అసహ్యం పుట్టేది ఇక్కడే.

మరునాడు రాజేశం బస్సు దిగి ఇంటికి పోకుండా, సంచీతోనే షెడ్డుకు వచ్చాడు.

"నడిసిందా అన్నా?"

"నడిసుడైతే నడిసింది. గింజ పలుగుతున్నది రాజేశం."

పగిలిన గింజలు అతని అరచేతిలో పోశాను. వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు.

"గిట్లెట్ల పలుగుతయే? డబ్బాకూ రేకుకూ నడిమిట్ల సందు ఇడిసిన గదా."

"నేనేం జెప్పాలె? రైతు గరమైండు. గింజ ఖరాబైతే మార్కెట్ల ఎవలు గొంటరన్నడు."

"రెండు దినాలియ్యన్నా. సందు పెద్దగ జేసి మల్ల చూద్దం."

"రెండు దినాలల్ల అయ్యేటిది గాదు తమ్మీ. వీసా పోగొట్టుకోకు. బిడ్డను జూసి ఆలోచన జెయ్యి."

అతని బిడ్డ అప్పటికి ఉయ్యాలలో ఉంది. ఆ పసిదాని పేరు చెప్పి అతణ్ని పంపాను. నా గొంతులో ఎంత ప్రేమ పలికిందో నాకు ఇంకా గుర్తుంది.

చాలాసేపు గింజల వంకే చూశాడు. తర్వాత వాటిని పారేయకుండా జేబులో వేసుకున్నాడు.

"నువ్వు జూసినవంటే నేను జూసినట్టేనన్నా. నిచ్చెన నీ దగ్గర్నే ఉండనీ. పాతినుముల ఎయ్యకు" అని వెళ్లిపోయాడు.

పది రోజులకు ప్రయాణమయ్యాడు. బస్టాండు దాకా నేనే సామాను మోశాను.

నెల తిరగకముందే నిచ్చెన రాయికల్ రైతు కల్లంలో ఉంది. దాన్ని చూసి ఇంకొకటి చేశాను, ఇంకొకటి. గంభీరావుపేట నుంచి కూడా వచ్చి అడిగేవాళ్లు. నాలుగు మండలాల్లో నా పేరు చెప్పుకున్నారు. కొండగట్టుకు పోయి రెండుసార్లు అంజన్నకు నిజం చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులువు. ఆయన మారుమాట అడగడు.

రాజేశం ఏడేళ్లకు తిరిగొచ్చాడు. అక్కడ పశువుల దాణా గోదాములో బస్తాలు మోసే పని. ఎత్తే మిషన్ లేదా అని అడిగితే, ఉందన్నాడు. చెడిపోయినప్పుడల్లా వేరే మనుషులు వచ్చి బాగుచేసేవాళ్లట. ఇతణ్ని చెయ్యి పెట్టనిచ్చేవాళ్లు కాదట. అది ఆగిన రోజుల్లో వీళ్లే వీపుల మీద లారీలకెక్కించేవాళ్లు. నడుము పోయింది. తల్లి చనిపోయినప్పుడు రాలేకపోయాడు. ఇదంతా నా వల్లనేనా? పోయినవాళ్లు వేలమంది ఉన్నారు కదా, అందరినీ నేనే పంపానా? ఇలా ఎన్నిసార్లు వాదించుకున్నానో. అందరినీ నేను పంపలేదు. ఇతణ్ని నేనే పంపాను.

అతను షెడ్డుకు వచ్చిన రోజు ముందు వరసలో కొత్త మిషన్లు నిలబెట్టి ఉన్నాయి. రంగులు వేసి, చక్రాలు పెట్టి. తిడతాడు, చొక్కా గల్లా పట్టుకుంటాడు అనుకున్నాను. నడుము మీద చెయ్యి పెట్టుకొని ఒక్కొక్కదాన్నీ చూస్తూ వచ్చాడు.

"నేను గింజ పలగ్గొట్టేది జేస్తి. నువ్వు దాన్ని దారికి తెచ్చినవన్నా. నీ చెయ్యి మంచిది" అన్నాడు.

అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఉద్యోగమిచ్చాను. బరువులెత్తలేడు కనక మిషన్లకు రంగు వేసి, నా షెడ్డు పేరు రాసే పని. పన్నెండేళ్లు రాశాడు. తను కన్న యంత్రం మీద నా పేరు, ముత్యాల్లాంటి అక్షరాలతో. మధ్యలో, నాకు తెల్వదు గని అంటూ, గొలుసు ఇలా బిగిస్తే బాగుంటుందని, డబ్బా అంచు వంచితే గింజ జారదని చెప్పేవాడు. ప్రతిసారీ అతను చెప్పిందే సరైనది. ప్రతిసారీ అదీ నా తెలివి కిందే పోయింది. పండుగకు బట్టలు పెడితే పద్మ, మమ్ముల దేవుని తీరుగ జూసుకుంటున్నవన్నా అనేది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించేది కాదు. అయినా తినేవాణ్ని.

మొన్న జగిత్యాలలో రైతుల మేళా పెట్టారు. నాకు సన్మానమన్నారు. మిషన్ ఎలా తోచిందో మైకులో చెప్పమన్నారు. నాకంటే రాజేశమే ఎక్కువ సంబరపడ్డాడు. ముందురోజు మధ్యాహ్నం మేళాకు తీసుకుపోయే మిషన్‌కు రంగు వేస్తూ, తలెత్తకుండానే అన్నాడు.

"అన్నా, రేపు మైకుల నా ముచ్చట గూడ చెప్పు. ముందుగాల రాజేశమని ఒకడు జేసిండు, గాయన మిషన్ల గింజ పలిగిందని. నాకేం సిగ్గు లేదు. గట్లన్న నా పేరు ఇనవడ్తది."

ఏదో తెగింది నాలో.

"పలగలే" అన్నాను.

"ఏంది?"

"గింజ పలగలే రాజేశం. నేనే సుత్తెతోని కొట్టిన."

కుంచె అతని చేతిలో ఆగిపోయింది. నీలం రంగు కిందికి కారింది. నా ముఖం చూడలేదు. మిషన్ వైపే చూస్తూ అడిగాడు.

"ఎన్ని ట్రాలీలు నింపింది ఆ దినం?"

"రెండు."

"నడుమ ఆగిందా?"

"ఆగలే."

"గొలుసు జారిందా?"

"జారలే."

"అయితే నడిసిందన్నట్టు" అన్నాడు. ఆ ఒక్క క్షణం అతని ముఖంలో సంతోషం కనపడింది. నిజమైన సంతోషం. చెంప మీద కొట్టి ఉంటే నాకు అంత తగిలేది కాదు. తర్వాత మిగిలిందంతా అర్థమవుతూ వచ్చింది. ముఖం మెల్లగా మారడం చూశాను. కుంచె ఎండిపోకుండా కిరసనాయిలు డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకొని, నడుము పట్టుకొని వెళ్లిపోయాడు.

మరునాడు మేళాకు పోయాను. మైకు పట్టుకొని, ఈ మిషన్ నేను చెయ్యలేదు, సిరిసిల్ల రాజేశం చేశాడు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అది నా పెద్దమనసు అనుకున్నారు. శాలువా కప్పారు. చప్పట్ల నడుమ మిగతాది చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. శాలువా కప్పుకొనే దిగొచ్చాను.

మూడు రోజుల తర్వాత పద్మ వచ్చింది. రాజేశం అన్నండబ్బా, పని చొక్కా తీసుకుపోవడానికి. ఎప్పుడూ గుమ్మంలోనే అన్నా అని పిలిచేది. ఆ రోజు పిలవలేదు. తనే వెతికి తీసుకొని, నా పక్క నుంచే నడిచి వెళ్లింది.

అతను మళ్లీ రాలేదు. నేను పోయి అడగలేదు. ఏమని అడగాలి? క్షమించమంటే, నా బరువు దించడానికి మళ్లీ అతని వీపే కావాలన్నట్టుంటుంది. ఇకమీద మిషన్ల మీద అతని పేరు రాయిస్తాను. అది తిరిగివ్వడం కాదని తెలుసు. ఏడేళ్లను ఏ అక్షరాలతో రాసివ్వాలి?

మైకులో సగమే చెప్పాను. మిగతా సగం ఇది. మిషన్ మొదటి రోజే మంచిగా నడిచింది. గింజలను పగలగొట్టింది నేను. తెలిసీ, మెల్లగా, పని నేర్చుకొని మరీ పగలగొట్టాను. మీరు నన్ను ఏమనుకుంటారో తెలియదు. ఏదనుకున్నా, ఈసారి అసలు నన్ను చూసే అనుకుంటారు.