కిరాణా దుకాణంలో బూజు పెంపకం

ఆ రోజుల్లో మా ఇంట్లో బూజు అనే మాట ఎవరూ పలికేవారు కాదు. గిద్దలూరు బజారులో ముందు మా కిరాణా దుకాణం, దాని వెనకే కాపురం. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనడం అందరి ఇళ్లలోనూ ఉన్నదే. మా నాయన ఆ మర్యాదను ఇంకో మెట్టు ఎక్కించాడు. చింతపండుకో ఎండుకొబ్బరికో బూజు పట్టిందనుకోండి, "దీన్ని ఎండకు పెట్టాల" అనాలి, అంతే. అసలు మాట బజార్లో పొక్కితే మన బేరం ఇంకో దుకాణానికి పోతుందని ఆయన భయం. అలాంటి ఇంట్లో పుట్టి నేను డిగ్రీలో సూక్ష్మజీవశాస్త్రం తీసుకున్నాను. (పేరు అంత పొడుగ్గా ఉంది కాబట్టి మంచి చదువే అయ్యుంటుందని నాయన ఒప్పుకున్నాడు.)

మార్కాపురం కాలేజీకి రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. ఒకరోజు మా మేడం, "ఇంట్లో బ్రెడ్డు మీద బూజు పెంచి తీసుకురండి. ఎవరు పెంచింది వాళ్లే మైక్రోస్కోపులో చూస్తారు, తేనివాళ్లు పుస్తకంలో బొమ్మ చూసి గీసుకోండి" అన్నారు. మా ల్యాబులో పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటే. అప్పటిదాకా నేను చూసిందల్లా దాని మీద కప్పిన గుడ్డే. ఏమైనా సరే ఈసారి అందులో కన్ను పెట్టి తీరాలనుకున్నాను. పరీక్షలో మార్కుల కోసం కూడా నేనెప్పుడూ అంత పట్టుబట్టలేదు.

పెట్టిన మొదటి ముక్క మా ప్రాంతపు ఎండకు రస్కు అయిపోయింది. (మా అవ్వ దాన్ని టీలో ముంచుకుని తినేసింది, బాగుందని కూడా అంది.) రెండో ముక్క మీద నీళ్లు చిలకరించి, బిర్యానీ పార్సిల్ వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వంటింట్లో నీళ్లకుండ వెనక చల్లగా దాచాను. ఇక కాలు నిలిస్తే ఒట్టు. దాహం లేకపోయినా కుండ దగ్గరికి వెళ్లేదాన్ని. ముందు తెల్లటి పోగులు, దూది ఏకినట్టు. తర్వాత ఆ పోగులు పైకి లేచి, ఒక్కోదాని కొసన గుండుసూది తలంత నల్లటి బుడిపె. ఈ బూజుకు నోరు లేదట, జీర్ణం చేసే రసాన్ని ముందే బయటికి వదిలి, కరిగినదాన్ని ఒంట్లోకి పీల్చుకుంటుందట. తినకముందే అరిగించుకునే ఆ ప్రాణి మీద నాకు చెప్పలేనంత ముచ్చట పుట్టింది.

ఒక పొద్దున కుండ కడగబోయిన అవ్వ డబ్బా చూసి, ఇంటి కట్టుబాటంతా మరిచిపోయి, "ఓ నాయనో! బూజు! ఇంత బూజు నా జన్మలో చూల్లేదు!" అని కేక పెట్టింది. ముందు దుకాణంలో కందిపప్పు తూయించుకుంటున్న ఎదురింటత్త సంచీ మూతి మూసేసింది. "ఏందన్నా, యాడ బూజు? పప్పులోనా?" నాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. లోపలికొచ్చి సంగతి విని, బయటికెళ్లి, "పప్పులో కాదమ్మా, మా పాప పెంచుతాంది, చదువు కోసం" అన్నాడు.

"బూజును యాడన్నా పెంచుతారా అన్నా? కోళ్లా మేకలా?" అంది అత్త. అప్పటికే పక్క అంగడి నుంచి వాచీల మామ కూడా వచ్చి నిలబడ్డాడు. ఎవరూ నమ్మకపోయేసరికి నాయన ఆ డబ్బాను తనే తెచ్చి కాటా పక్కన పెట్టి, "చెప్పు పాపా, నువ్వే చెప్పు" అన్నాడు.

నా జీవితంలో నేను చెప్పిన మొదటి పాఠం అదే. వాచీల మామ కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చాడు, ఒకరి తర్వాత ఒకరు చూశారు. "అబ్బ! ఎంత సన్నగుండాది!" అంది అత్త. "నోరు లేకుండానే తింటాదా? మీ తాతకు నోరున్నా అడిగి తిన్న పాపాన పోలేదు" అంది అవ్వ. నాయన కూడా అద్దం పెట్టుకుని చాలాసేపు వంగి చూశాడు. "ఈ నల్లగుండేదేందమ్మా?" అన్నాడు. మెచ్చుకోలు తలకెక్కి నేను గడగడా చెప్పేశాను. "విత్తనాల మాదిరి నాయనా. పగిలితే పొడి గాల్లోకి పోతాది. యాడ తడి తగిల్తే ఆడ మొలుస్తాది." సరిగ్గా అప్పుడే వాచీల మామ డబ్బాలోకి తుమ్మాడు.

అందరూ ఒక్కసారి బెల్లం దిమ్మెల వైపు చూశారు. "ఆ పొడి గాల్లో ఎప్పుడూ ఉండేదే, ఊళ్లో అన్ని దుకాణాల్లోనూ ఉంటాది" అని నేను సర్దబోయాను. నాయన వెంటనే అందుకుని, "విన్నారా, అన్ని దుకాణాల్లో ఉంటాదంట!" అన్నాడు. అత్త మాత్రం, అన్నిచోట్లా ఉండేదానికి ఇంకో చోటికి పోవడం దేనికనుకుందో ఏమో, పప్పు తీసుకునే వెళ్లింది.

జనం పోయాక నాయన "పారెయ్" అన్నాడు. నేను ఏడ్చాను. "ఇది లేకపోతే నాకు మైక్రోస్కోపు చూపీరు నాయనా." ఆయన కాసేపు తల గోక్కుని, డబ్బాకు టేపు చుట్టి, చుట్టి, గుడ్డ సంచిలో వేసి, ఒంటికి దూరంగా పట్టుకుని రైలు దాకా తనే మోసుకొచ్చాడు.

ల్యాబులో ఆ టేపు విప్పడానికే సగం పీరియడ్ అయిపోయింది. చివరికి కన్ను పెట్టాను. బూజు పోగు మధ్యలో ఒక్క అడ్డుగోడ కూడా లేని పొడవాటి గాజుగొట్టంలా ఉంది, అందులో సన్నటి రేణువులు పరుగెత్తుతున్నాయి. "మేడం, లోపలేందో పోతాంది!" అని అరిచాను. మేడం నన్ను పక్కకు జరిపి తను చూశారు, క్లాసును మరిచిపోయి చాలాసేపు చూశారు.

సాయంత్రం దుకాణంలో అడుగు పెట్టగానే నాయన బేరం ఆపి, "చూపించినారా?" అన్నాడు. చేతులు తిప్పుతూ అంతా చెప్పాను. లోపల గూడ్సుబండి పోయినట్టు పోతోందన్నాను. ఆయన కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. "ఇప్పుడు యాడుంది అది?" అన్నాడు. క్లాసయ్యాక వేడినీళ్లలో ఉడికించి పారేశారని చెప్పాను.

"అయ్యో" అన్నాడు నాయన. "చెప్పినావు కాదు. ఎనక్కి తెచ్చుకుందుము గదా."

ఇప్పుడు నేనే మేడంని. ఏటా ప్రాక్టికల్స్ అయ్యాక పిల్లలు పెంచిన బూజంతా ఉడికించి పారేయిస్తాను, నాకేమీ అనిపించదు. ఆ సాయంత్రం మాత్రం కాటాకు ఇటు నాయన, అటు నేను కూర్చుని, ఒక బ్రెడ్డు ముక్క మీది బూజు కోసం నిజంగానే దిగులుపడ్డాం.