మిలిటరీ కాక దిగిన బాయి

కాక పోయాడని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను జ్యోతినగర్‌లో బడికి బయల్దేరుతూ చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను. "కాక పాణమిడిసిండు బిడ్డా. చాయ్ తాగుకుంట కూసున్నడట, గట్లనే ఒరిగిండట" అంది. ఆమె వెనక ఎవరో బిందె తోముతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

మీరెవరూ ఆయనను ఎరుగరు. నాకూ ఆయన చుట్టం కాదు. గోదావరిఖనిలో మేముండే బొగ్గు కంపెనీ క్వార్టర్ల వరసలో మా పక్కింటాయన. వాళ్లది చర్చికి వెళ్లే ఇల్లు, మాది జాతరకు వెళ్లే ఇల్లు. మధ్యలో మోకాలెత్తు గోడ. పాతికేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా తిరిగొచ్చాడు కాబట్టి వాడకట్టంతటికీ మిలిటరీ కాక అయ్యాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, కంపెనీ దవాఖానలో నర్సు, క్వార్టర్ ఆమె పేరు మీద ఉండేది. "నేను మీ చిన్నమ్మ ఇంట్ల కిరాయికుంటున్న" అనేవాడు. ఆయనకు వచ్చిన జోకు అదొక్కటే. కొత్తవాళ్లు ఎవరు కనబడినా చెప్పేవాడు, మేం కూడా ప్రతిసారీ నవ్వేవాళ్లం.

రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని బూట్లు పాలిష్ చేసేవాడు. బొగ్గు లారీలు తిరిగే ఊళ్లో నల్ల బూట్లకు పాలిష్ ఏమిటని నాకు ఒకటే నవ్వు. సందు మలుపు దాకా వెళ్లేసరికి వాటి మీద దుమ్ము పేరుకునేది. ఆ మాటే అడిగితే, "దుమ్ము దాని డ్యూటీ అది చేస్తది బిడ్డా, నా డ్యూటీ నేను చేస్త" అన్నాడు.

ఆయన డ్యూటీకి హద్దంటూ ఉండేది కాదు. పెన్షన్ కాగితాలు నింపడం, దవాఖానలో పేషెంటు దగ్గర ఎవరూ లేకపోతే బెంచీ మీద కూర్చోవడం, ఎవరింట్లో చావు జరిగినా, ఏ దేవుణ్ని మొక్కేవాళ్లయినా ముందుగా వెళ్లి పాడె పట్టడం. ఏడుస్తూ ఎదురొచ్చిన మనిషికి ముందు చెంబు అందించేవాడు. "ముందుగాల నీళ్లు తాగు, తర్వాత ఏడుద్దువు" అనేవాడు. నేనూ ఆ నీళ్లు చాలాసార్లు తాగాను.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బాంబులు పేల్చినప్పుడు మా ఇళ్లలో అల్మారా గిన్నెలు గలగలమంటాయి. మాకది గడియారం లాంటిది, ఎవరూ తలెత్తి చూడరు. కాక మాత్రం లేచి, ఒంటరి ముసలివాళ్లున్న గడపలన్నీ చూసుకుంటూ వచ్చేవాడు. "గోడ బాగనే ఉన్నదా అవ్వా?" అని అడిగితే, "గోడ బాగనే ఉన్నది, నీ గుండె ఎట్లున్నదో చూస్కో" అని ఒక అవ్వ ఏడిపించేది. సరిహద్దులో కాల్పులు చూసిన మనిషిని అలా అనవచ్చా అని నాకు కోపం వచ్చేది.

నేను పదో తరగతిలో ఉండగా, నాన్న పని చేసే బొగ్గు బాయిలో, భూమి లోపల, కప్పు నుంచి రాయి జారి ఆయన కాలు మీద పడింది. మోకాలి కింద నుంచి తీసేశారు. ఇంటికొచ్చాక నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రోజులు గడిచాయి, నెలలు గడిచాయి, నాన్న ఇటు తిరగలేదు. చంక కర్రలు కట్టిన కవరు కూడా విప్పకుండా మంచం పక్కనే గోడకు ఆనించి ఉండేవి. మెల్లగా తిండి కూడా తగ్గించేశాడు. ఒకరోజు అమ్మ రెండిళ్ల మధ్య గోడ దగ్గర కాకతో, "అన్నం ముడుతలేడు. మనిషి మాకు దక్కడేమో" అంది. అప్పటిదాకా నేను ఆ మాట మనసులో కూడా అనుకోలేదు. విన్నాక ఇంకేదీ అనుకోలేకపోయాను.

కాక బూట్లు టకటకలాడిస్తూ వచ్చాడు. వచ్చి మంచం ముందు నిటారుగా నిలబడ్డాడు.

"లే అన్నా. రెండు కాళ్లు పోయినోళ్లు గూడ లేచి నడిచిండ్రు, నేను చూసిన. గింతదానికి భయపడ్తె ఎట్ల?"

నాన్న గోడ వైపు తిరిగే జవాబిచ్చాడు. "భయం సంగతి నాకు చెప్పకు తమ్మీ. నువ్వు ఒక్కనాడన్న బాయి దిగినవా?"

కాక మొహం పాలిపోయింది. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. నాలుగు రోజులు మా గడప తొక్కలేదు. ఊరందరి కష్టాలకూ పరుగెత్తే మనిషి మా ఇంటి దగ్గరే ఆగిపోయాడని నేను ఆయన్ను ఎంతగా తిట్టుకున్నానో.

ఐదో రోజు మధ్యాహ్నం వచ్చాడు. కాళ్లకు బూట్లు లేవు. మంచం పక్కన, కింద గచ్చు మీద కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర లెక్కలు చేసుకుంటున్నాను. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

"దిగిన అన్నా. ఒక్కనాడు దిగిన. మా నాయిన బాయి పన్ల పెడ్తనని తన ఎంబడి తీస్కపోయిండు. సగం దూరం పోయినంక ఆ చీకటి చూసి ఎనకకు ఉరికొచ్చిన. నాయినకు మొకం చూపెట్టలేక మిలిటరీల చేరిన. గీ ముచ్చట మా ఇంటామెకు గూడ తెల్వదు."

మొన్న సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాక, ఈ సంగతి రాయవచ్చునా అని చిన్నమ్మను అడిగాను. ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది. "నాకు తెల్వదనుకున్నడా? పెండ్లయిన కొత్తల నుంచి నిద్రల కలవరిస్తనే ఉన్నడు. బాయి దిగుడు, ఉరికొచ్చుడు. రాయి బిడ్డా, మంచిగ రాయి" అంది. అందుకే రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం నాన్న మెల్లగా ఇటు తిరిగాడు. అన్ని నెలల తర్వాత ఆయన మొహం పూర్తిగా చూడడం నాకు అదే మొదటిసారి.

"ఎంతదాక పోయినవు?"

"సగం అన్నా. మిగిలిన సగం నువ్వే తీస్కపోవాలె."

కాక కళ్లు మూసుకున్నాడు. నాన్న కొంచెంసేపు ఆయన్నే చూస్తూ ఉండి, తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. మాటల్లోనే కాక టోపీకి దీపం పెట్టించాడు. మెట్టు మెట్టు దిగమన్నాడు. "ఈడ ఊటనీళ్లుంటయి, జారకు. కుడి దిక్కు కప్పుకు ఆసరగ కట్టెదిమ్మెలు పేర్చినం, చెయ్యి పెట్టి చూడు." బయట ఎండ మండిపోతున్నా గదిలో ఎలాగో చల్లబడింది. తడిసిన రాతి వాసన నాకూ వచ్చింది. నేనూ వాళ్ల వెనకే దిగుతున్నాను. ఏడెనిమిదేళ్లుగా నేను అన్నం డబ్బా కట్టిచ్చి పంపిన నాన్న రోజూ ఎక్కడికి వెళ్లేవాడో ఆ రోజే చూశాను.

"అన్నా, నెత్తి మీద కప్పు?" కాక అడిగాడు. ఒక చెయ్యి మంచం కోడును గట్టిగా పట్టుకుని ఉంది.

"ఆగు. నేను ముందుగాల కొట్టి చూస్త. ఖంగుమన్నదంటే గట్టిది. డొల్లగ మోగిందంటే ఎనకకు రావాలె."

"ఎట్ల కొడ్తరు?"

నాన్న లేచి కూర్చున్నాడు. పక్కనున్న చంక కర్ర అందుకుని కవరు చింపాడు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. నాన్న కర్ర పైకెత్తి మా క్వార్టర్ కప్పును రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"గట్టిగనే ఉన్నది తమ్మీ. ఫికర్ లేదు, రా."

సున్నం పెచ్చులు రాలి కాక జుట్టు మీద పడ్డాయి. ఆయన కళ్లు తెరవలేదు. అలాగే లేచి నిలబడి, చీకట్లో వెతుక్కుంటున్నట్టు చెయ్యి ముందుకు చాపాడు.