చేపల ఫ్యాక్టరీలో వెర్లీన్ పాట

వెర్లీన్ టబ్స్‌కి చేపంటే రోత. చూపు రోత, వాసన రోత, పేరెత్తితే రోత. డెల్టాలోని క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు కత్తి పట్టుకు నిలబడ్డ మనిషికి మరి ముద్దొస్తుందా? తల తెగిన చేప బెల్టు మీద కొట్టుకుంటూ వస్తుంది. కడుపు చీరి, పక్కలు ఒలిచి తోసెయ్యాలి. ఈలోగా ఇంకోటి వచ్చేస్తుంది. బాత్రూముకి వెళ్ళాలంటే చెయ్యెత్తి అడగాలి. నలభై రెండేళ్ళ ఆడది, చెయ్యెత్తి అడగాలి! ఛీ.

ఆ పనికి రెండు చేతులూ చెడ్డాయి. మణికట్టుకి ఆపరేషన్ అయింది, వేళ్ళు తిమ్మిరెక్కేవి. చిన్నప్పట్నించీ వాయించిన గిటారు ఇక చేతికి పట్టలేదు. అప్పుడే ఆమె మేనమామ లొంజెల్, ఊళ్ళో మంగలి, మూసేసిన బడి పారేసిన సామాన్లలోంచి ఓ యుకులేలీ ఏరుకొచ్చాడు. బుల్లి గిటారులా ఉంటుంది, నాలుగు తీగలు, జానెడు మెడ.

“ఛీ, ఇదేం ఆటబొమ్మ మావయ్యా! దీని మీద బ్లూస్ వాయిస్తే కోళ్ళు కూడా నవ్వుతాయి.”

“నవ్వితే నవ్వనీవే. నీ చేతికి పడుతుందో లేదో చూడు ముందు.”

పట్టింది. బ్లూస్‌కి, అదే ఆ డెల్టా నల్లవాళ్ళ కష్టాల పాటకి, కావాల్సిన వేళ్ళ పట్లు మూడూ వారంలో వచ్చేశాయి. రానిదల్లా బ్లూసే. ఎంత ఏడుపు పాట ఎత్తుకున్నా ఆ వెధవ వాయిద్యం పుట్టినరోజు పండగలా కిలకిలలాడేది. వెర్లీన్ రెండుసార్లు దాన్ని వరండాలోంచి విసిరికొట్టింది. లొంజెల్ రెండుసార్లూ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. పై తీగ తీసేసి, తన గిటారు లావు తీగ ఒకటి ఎక్కించాడు. తీగని వేలితో పక్కకి లాగి స్వరాన్ని వంచడం నేర్పాడు. తాళం కంటే ముందు పరిగెత్తితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

“వెనక రావే, వెనక! పిలవగానే ఉరకడానికి నువ్వేమన్నా ఫోర్‌మన్ పెంచిన కుక్కవా?”

పదకొండు నెలలు పట్టింది. ఓ మధ్యాహ్నం ఎవరికో గడ్డం గీస్తున్నవాడు కత్తి ఆపి విన్నాడు. “ఆఁ, ఇప్పుడు అబద్ధం చెప్పట్లేదు,” అన్నాడు. మెప్పన్నది ఎరగని నోట అంతకంటే ఇంకేం వస్తుంది!

సరిగ్గా అప్పుడే డాక్టరు తేల్చేశాడు: ఇంకో రెండేళ్ళు కత్తి పడితే వేళ్ళు ముడుచుకోవు. ఫ్యాక్టరీలో కత్తి ముట్టని పని ఒక్కటే, ప్యాకింగ్. అందులో ఒక్కటే ఖాళీ ఉంది. అది ఇవ్వాల్సింది మేనేజరు హేగుడ్.

“ఏం పిల్లా, యుకులేలీ వాయిస్తావటగా?” అన్నాడు, ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడు. “శనివారం కంపెనీ పండగ. సరుకు కొనే పెద్దమనుషులొస్తున్నారు. మన చేప మీద సరదాగా ఓ పాట పాడు. ప్యాకింగ్ నీదే.”

పాడదామనే వెళ్ళింది, చేతులు దక్కించుకోవాలిగా. చేపని పొగుడుతూ ఓ చెత్త పాట కట్టుకుంది కూడా. డేరా నిండా వేపుడు కంపు. ముందు వరసలో హేగుడ్, నెత్తిన కాగితంతో చేసిన చేప టోపీ! దాన్ని చూసేసరికి ఆమెకి రోత పుట్టింది. కట్టుకున్న పాట వదిలేసింది. ఇంట్లో కసికొద్దీ పాడుకునేది బయటికొచ్చింది.

“చేప కడుపు చీరిన కంపు ఒక్క పూటలో పోతుందయ్యా,
చేప కడుపు చీరిన కంపు ఒక్క పూటలో పోతుందయ్యా,
మా దొర పక్కన నిలబడ్డ కంపు ఏ సబ్బుకీ లొంగదయ్యా.”

ఏమైందనుకున్నారు? పకపకా నవ్వారు! చప్పట్లే చప్పట్లు. కొనేవాళ్ళ పెళ్ళాలు లేచి గంతులేశారు. ఆ బుల్లి వాయిద్యం మీద ఏం పాడినా వాళ్ళకి ముద్దే మరి. “భలే భలే! సోమవారం నుంచి ప్యాకింగ్! ఏటేటా ఇదే పాట!” అని అరిచాడు హేగుడ్, కళ్ళు తుడుచుకుంటూ.

వెనక రబ్బరు బూట్లతో నిలబడ్డ కత్తి పట్టే ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. వెర్లీన్ పక్కనే చేపలు కోసే ఎర్నెస్టీన్ వేదిక అంచుదాకా వచ్చింది.

“చాలు, దిగవే తల్లీ. చేతులు దక్కాయి, దిగు.”

వెర్లీన్ యుకులేలీని కుర్చీలో పెట్టింది. దిగలేదు. కాలితో చెక్క మీద తాళం కొడుతూ, హేగుడ్ మొహంలోకే చూస్తూ, ఆ మూడు లైన్లూ మళ్ళీ పాడింది. నెమ్మదిగా, తాళానికి వెనకగా, మామ నేర్పినట్టే. రెండో లైనుకే నవ్వులు ఆగిపోయాయి. మూడోదానికి హేగుడ్ టోపీ తీసేశాడు.

సోమవారం ప్యాకింగ్‌లోకి ఇంకెవరో వెళ్ళారు. వెర్లీన్ కత్తి దగ్గరే ఉంది. డాక్టరు చెప్పిన రెండేళ్ళు కూడా పట్టలేదు వేళ్ళు బిగుసుకుపోవడానికి.

ఇప్పుడు ఆదివారం చర్చికి వెళ్ళేముందు ఆమె జాకెట్టు గుండీలు ఎర్నెస్టీనే వచ్చి పెడుతుంది. పెట్టినప్పుడల్లా తిడుతుంది.

“నవ్వితే నవ్వారు, మొండిదానా! చేతులు మిగిలేవి కదే!”

“మిగిలేవి. ఏటేటా వాటితో వాళ్ళకే వాయించాల్సొచ్చేది. థూ!” అంటుంది వెర్లీన్. “పై గుండీ తప్పు పెట్టావ్, చూడు.”