బక్కెట్టులో ఎనిమిది సెకండ్లు

మా ఆయనకు నీళ్ళంటే భయమన్న సంగతి నలభై ఒక్క సంవత్సరాలు నాకు తప్ప ఎవరికీ తెలియదు. స్నానం చేసినా చెంబుతో భుజాల దాకానే పోసుకునేవాడు. తలను తడిచేత్తో రుద్ది, తువ్వాలుతో తుడుచుకుని, అయిపోయిందనేవాడు. తొమ్మిదేళ్ళ వయసులో ఊళ్ళో వ్యవసాయ బావిలో పడితే మేనమామ జుట్టు పట్టుకుని పైకి లాగాడట. ఈ సంగతి పెళ్ళయిన మూడో నెలలో ఒకసారి చెప్పాడు. తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ భయం వల్ల మాకు పెద్ద నష్టమేమీ లేదు, ఒక్కటి తప్ప. మా సంఘంలో నీటిలో పూర్తిగా మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, చేయి వేసే అర్హత. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె ముక్కల పళ్ళెం మగవాళ్ళ వరుసలో వస్తుంది. తన దగ్గరికి రాగానే ఆయన తల వంచుకుంటాడు. పళ్ళెం పక్కవాళ్ళకు పోతుంది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని నేను చూస్తుంటాను. నలభై ఒక్క సంవత్సరాలు, ఏడాదికి పన్నెండు, మొత్తం నాలుగు వందల తొంభై రెండు. కాన్పులకు పోయి నేను సూరత్‌లో లేని నెలలు ఏడు, కరోనా మొదటి ఏడాది మందిరానికి తాళం పడిన నెలలు ఎనిమిది తీసేస్తే నాలుగు వందల డెబ్బై ఏడు. అన్నిసార్లు చూశాను.

ఈ కాలంలో ముగ్గురు పాస్టర్లు మారారు. ఒక్కొక్కరికీ ఆయన ఒక్కో సాకు చెప్పాడు. ఒకరికి దగ్గు, ఒకరికి మోకాళ్ళు, ఒకరికి చలికాలం. విశ్వాసం చాలదేమోనని వెనక గుసగుసలాడినవాళ్ళూ ఉన్నారు. మందిరంలో అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది మాత్రం ఆయనే.

మేము సూరత్‌లోని డిండోలిలో మూడో అంతస్తులో ఉంటాము. ఆయన ముప్పై మూడేళ్ళు మరమగ్గాల మిల్లులో సాంచాలు నడిపాడు. ఆ మోతకు చెవులు పోయాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. మాస్కులు వచ్చాక ఆ దారి కూడా మూసుకుపోయింది.

"ఊరంత మూతి గట్టుకొని నన్ను వెలేసిన్రే," అనేవాడు.

2021 ఎండాకాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. పద్నాలుగు రోజులు వెనక గదిలో ఒక్కడే ఉన్నాడు. మా సంఘం ఆడవాళ్ళు వంతులు వేసుకుని పద్నాలుగు రోజుల్లో పదకొండు క్యారియర్లు తెచ్చి గడప ముందు పెట్టి పోయారు. మిరియాల చారు అయిదు సార్లు, పెసరపప్పు మూడు సార్లు, గుడ్డు కూర రెండు సార్లు, సజ్జ జావ ఒకసారి. మిగతా మూడు రోజులు మా కోడలు వండింది. జావ తెచ్చినామె కింద వీధిలో నిలబడి పైకి కేక వేసింది.

"వదినె, అన్నకు జెప్పు, చప్పగున్నదని ఒర్రొద్దు! డాక్టరు ఉప్పు తక్కువెయ్యమన్నడు!"

పదిహేనో రోజు ఆయన బయటికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, మామిడిపండు అడిగాడు. సగం తిన్నాక నా వైపు చూశాడు.

"నేను మునుగుత," అన్నాడు.

"ఏడ మునుగుతవ్?"

"నీళ్ళల్ల. బాప్తిస్మానికి. గీ పద్నాలుగు రోజులు ఊపిరాడక సగం మునిగినట్టే ఉన్న. నీళ్ళు గింతకన్న ఏం జేస్తయి?"

నేను వెంటనే పాస్టరుగారికి ఫోన్ చేశాను. ఆలస్యం చేస్తే మా ఆయన మనసు మారుతుందని నా భయం. పాస్టరుగారు మంచివాడు, మా కొడుకు ఈడువాడు. "పెద్దమ్మా, మందిరం తాళం తీయటానికి లేదు, తొట్టి లోపలుంది. ఈ రోజుల్లో పెద్దయ్యకు నదులూ సముద్రాలూ వద్దు. ఈ వయసులో తలమీద నీళ్ళు పోసినా దేవుడు ఏమీ అనుకోడు," అన్నాడు.

ఆ మాట చెబితే మా ఆయనకు కోపం వచ్చింది. "అందరు మునిగిన్రు. నేనొక్కన్నే గులాబ్ జల్ జల్లుకున్నట్టు జల్లుకోవాల్నా? వద్దు. మునుగుతనంటే మునుగుత."

పాస్టరుగారు ఒప్పుకుని, మే నెల ఆఖరి శనివారం పొద్దున మా మిద్దె మీదే అని నిర్ణయించాడు. చేతిలో పంతొమ్మిది రోజులు ఉన్నాయి. అప్పుడు మా ఆయన గుట్టు పదకొండేళ్ళ మనవరాలికి చెప్పక తప్పలేదు. ఎందుకంటే అభ్యాసం చేయాలి, నా చేతి గడియారానికి సెకండ్ల ముల్లు లేదు.

రోజూ పొద్దున పది గంటలకు, కోడలు వంటలో ఉండగా, మేము ముగ్గురం స్నానాల గదిలో చేరేవాళ్ళం. బక్కెట్టు నిండా నీళ్ళు. ఆయన పీట మీద కూర్చుని ముఖం ముంచాలి. మనవరాలు ఫోన్‌లో సెకండ్లు చూస్తుంది. నేను పాత క్యాలెండరు వెనక రాస్తాను.

మొదటి రోజు ముక్కు తగిలింది, అంతే. నేను సున్నా వేశాను.

"ముక్కు తడిసింది గదనే, సగమన్న ఎయ్యి," అన్నాడు.

"సగం సెకండు లేదు. సున్నా."

"తాతా, డరో మత్! బక్కెట్లో మగర్‌మచ్ లేదు," అంది మనవరాలు.

"మొసలైతే మాట్లాడి ఒప్పిద్దును బిడ్డా. నీళ్ళు మాట ఇనయి."

రెండో రోజు ఒకటి. మూడో రోజు ఒకటి. నాలుగో రోజు రెండు. అయిదో రోజు బక్కెట్టును తన్ని లేచిపోయాడు. నీళ్ళు గడప దాటి వంటింట్లోకి పోయాయి. కోడలు పరుగెత్తుకు వచ్చింది.

"అత్తమ్మా, ముగ్గురు ఒక్క బాత్రూమ్‌ల ఏం జేస్తున్నరు?"

"హోమ్‌వర్క్," అంది మనవరాలు. సెలవుల్లో హోమ్‌వర్క్ ఏమిటని అడగకుండా కోడలు బట్ట తెచ్చి తుడిచింది. ఆ మధ్యాహ్నమే అన్నీ తెలుసుకుంది. మర్నాటి నుంచి ఆమె కూడా తలుపు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టేది.

మొత్తానికి ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికీ అదే పని అయింది. పొద్దున బక్కెట్టు, మధ్యాహ్నం మామిడిపళ్ళు, మజ్జిగ, సాయంత్రం ఫోన్‌లో సంఘ ప్రార్థన. ఫోన్‌లో ఇరవై ఆరు చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో కుటుంబం. కొందరి ముఖాలకంటే వాళ్ళ ఫ్యాన్లే ఎక్కువ కనిపించేవి. కతర్‌గామ్ నుంచి ఒక పెద్దాయన ప్రతి రోజూ నుదురు మాత్రమే చూపించేవాడు. పాట ఒకరు మొదలుపెడితే మరొకరిది ఒక చరణం వెనక వినిపించేది. మా ఆయనకు ఏదీ వినపడదు కాబట్టి తన పాట తాను పాడుకుని, అందరికంటే ముందు ముగించి, ఆమేన్ అనేవాడు.

పదో రోజుకు నాలుగు సెకండ్లు. పదిహేనో రోజుకు ఆరు.

ఇక తొట్టి. మా కొడుకు బట్టలకు రంగులు వేసే మిల్లులో పనిచేస్తాడు. అక్కడ వాడకుండా మూల పెట్టిన పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంటే యజమానిని అడిగి టెంపోలో తెచ్చాడు. ముదురు నీలం రంగు, నడుము ఎత్తు, మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేంత వెడల్పు.

"మంచిగ కడిగినవారా?" అని అడిగాను.

"మూడుసార్లు కడిగిన అవ్వ. సోడా ఏసి రుద్దిన. నీకు ఎందుకు టెన్షన్?"

నేను లెక్క వేశాను. ఆయన కూర్చుంటే నీళ్ళు చంక దాకా రావాలి, వెనక్కి వాలిస్తే ముఖం మీదికి రావాలి. దానికి మూడు వందల లీటర్లు. మా బక్కెట్టు పదిహేను లీటర్లది కాబట్టి ఇరవై బక్కెట్లు. శనివారం పొద్దున కొళాయి నీళ్ళు వస్తాయో రావో తెలియదు. అందుకని శుక్రవారం పొద్దుటే మిద్దె మీద తొట్టి పెట్టించి, ఇరవై బక్కెట్లూ పోయించి, పైన పాత చీర కప్పించాను. పైగా, ఎండకు నీళ్ళు కాస్త వెచ్చబడితే జ్వరం నుంచి లేచిన మనిషికి మంచిదని కూడా అనుకున్నాను. ఇవన్నీ సరైన లెక్కలే. ఒక్కటి మాత్రం నాకు తట్టలేదు. సూరత్ ఎండకు రోజంతా కాగే నీళ్ళు మూడుసార్లు కడిగినదాన్ని నాలుగోసారి కడుగుతాయి.

శనివారం పొద్దున ఏడు గంటలకు మిద్దె మీద ఏడుగురం. మా ఇంటివాళ్ళం అయిదుగురం, పాస్టరుగారు, వాళ్ళ అమ్మగారు. అమ్మగారి చేతిలో ఫోన్, ఫోన్‌లో ఇరవై ఆరు గళ్ళు. ఎదురు మిద్దె మీద వడియాలు పెట్టుకుంటున్న గుజరాతీ ఆమె పని ఆపి గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. మా ఆయన తెల్ల లాల్చీ, తెల్ల పైజామా వేసుకున్నాడు. కోడలు పాత చద్దరు కత్తిరించి కుట్టింది.

స్టూలు ఎక్కి తొట్టిలో దిగాడు. కూర్చున్నాడు. నీళ్ళు చంక దాకా వచ్చాయి, నా లెక్క తప్పలేదు. కాని రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకున్నాడు, వదల్లేదు.

పాస్టరుగారు మాస్కులోంచి ప్రార్థన చేశాడు. ప్రశ్న అడిగాడు. మా ఆయన ఆ మాస్కు వైపు చూస్తూ ఉండిపోయాడు. మళ్ళీ గట్టిగా అడిగాడు. మా ఆయన చేతివేళ్ళు అంచు మీద తెల్లబడుతున్నాయి. ఫోన్‌లో ఎవరో "ఏమైంది, ఏమైంది?" అంటున్నారు. ఇప్పుడు లేచి బయటికి వస్తే ఇక ఈ జన్మలో మళ్ళీ నీళ్ళలో దిగడు. నాకు తెలుసు.

ఆయన నా వైపు చూశాడు. నేను మాస్కు గడ్డం కిందికి లాగి, తొట్టి దగ్గరికి పోయి, పెదవులు కనపడేలా చెప్పాను.

"అయ్యగారు నిన్ను అడుగుతున్నడు, ప్రభువును నమ్ముకున్నవా అని."

"నమ్ముకోకనే ఈ నీళ్ళల్ల కూసున్ననా?" అన్నాడు.

"మరి చేతులు ఇడిశిపెట్టు. నిన్న ఏడు సెకండ్లు ఉన్నవ్. ఇక్కడ రెండు చాలు."

ఆయన ముఖం మారింది.

"ఏడు గాదు. ఎనిమిది."

"ఏడు."

"మొన్న ఏడు. నిన్న ఎనిమిది. రాస్కొని గూడ తప్పు జెప్తవేందే? పోయి చూస్కో!"

అని అంచు వదిలి, నా మీది కోపంతోనే వెనక్కి వాలిపోయాడు. పాస్టరుగారి చేతులు ఇంకా ఆయన వీపు దాకా రానే లేదు. "తండ్రి యొక్కయు" అని మొదలుపెట్టి, తొట్టిలోకి వంగి, ఆయన్ను పట్టుకుని, మిగతాదంతా ఒక్క ఊపిరిలో చెప్పి పైకి లేపాడు.

మా ఆయన నీళ్ళలోంచి లేచాడు. తెల్ల లాల్చీ గులాబీ రంగు. తెల్ల మీసాలు గులాబీ. నెత్తి గులాబీ. చెవుల్లోంచి కారే నీళ్ళు గులాబీ. పాస్టరుగారి చొక్కా మోచేతుల దాకా గులాబీ. ముదురు నీలం తొట్టిలో ఉన్నంతసేపూ నీళ్ళ రంగు ఎవరికీ కనపడలేదు.

"అరె, రాణి కలర్!" అన్నాడు మా కొడుకు, నెత్తి మీద చేయి పెట్టుకుని. "దాంట్ల ఎప్పుడో రాణి కలర్ కలిపిన్రు. బాపు, అది పోదు. పది రోజులు పోదు."

ఎదురు మిద్దె ఆమె "హోళీ ఛే?" అని అడిగింది.

మా ఆయన లాల్చీ కొన పట్టుకుని చూసుకున్నాడు. చేతులు చూసుకున్నాడు. ఇంకా దగ్గుతూనే పాస్టరుగారిని అడిగాడు. "అయ్యగారూ, చెల్లుతదా?"

పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక తొట్టి పట్టుకుని వంగిపోయాడు. తల గట్టిగా ఊపాడు, చెవులు వినపడని మనిషికి అర్థమయ్యేలా మూడుసార్లు. అప్పుడు మా ఆయన కూడా నవ్వాడు. ఆ నీళ్ళలోనే కూర్చుని, చప్పుడు చేస్తూ, చేత్తో నీళ్ళు కొడుతూ నవ్వాడు. నీళ్ళలో కూర్చుని ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఇంటికి దిగి క్యాలెండరు చూశాను. శుక్రవారం పక్కన ఎనిమిదే ఉంది.

ఎనిమిదో రోజు జూన్ మొదటి ఆదివారం. రొట్టె ఎవరిళ్ళలో వాళ్ళే చేసుకోవాలి, ద్రాక్షరసం ఎవరిది వాళ్ళే పోసుకోవాలి, పాస్టరుగారు ఫోన్‌లో నడిపిస్తాడు. నేను పులియని పిండితో చిన్న రొట్టె కాల్చి నాలుగు సమాన ముక్కలు చేశాను. నేను, ఆయన, కొడుకు, కోడలు. స్టీలు పళ్ళెంలో పెట్టి ఆయన ముందుకు జరిపాను. ఆయన గులాబీ మీసాలు దువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని, ఫోన్‌కు ఎదురుగా కూర్చున్నాడు. తల వంచలేదు. చేయి చాపి ఒక ముక్క తీసుకున్నాడు.

పాస్టరుగారు ఇంకా వాక్యం చదువుతున్నాడు. ముక్క చేతిలో పట్టుకుని, ఆయన ప్రార్థించి చెప్పాక అందరూ ఒకేసారి తినాలి. ఇరవై ఆరు గళ్ళలోనూ అందరి చేతుల్లో ముక్కలు అలాగే ఉన్నాయి.

"నానమ్మా! తాత తినేసిండు!" అని అరిచింది మనవరాలు.

అన్ని గళ్ళూ మా గడి వైపు తిరిగినట్టు అనిపించింది. పాస్టరుగారు చదవడం ఆపాడు. కతర్‌గామ్ పెద్దాయన మొదటిసారి ముఖమంతా చూపించాడు.

"జర ఆగాలె గదయ్యా," అన్నాను, పెదవులు కనపడేలా. "అయ్యగారు చెప్పినంక తినాలె. ఇన్నేండ్లు సూడలేదా?"

"నేను ఏడ జూసిన? తల ఒంచుకొనే ఉంటి గదనే," అన్నాడు నోటినిండా రొట్టెతో. "ఐనా నలభై ఏండ్లు ఆగిన. ఇంక ఎంతసేపు ఆగాలె?"

"పెద్దమ్మా, పెద్దయ్యకు ఇంకో ముక్క ఇవ్వండి. అందరం కలిసి తీసుకుందాం," అన్నాడు పాస్టరుగారు.

నేను లెక్కగా నాలుగే చేశాను, అయిదోది లేదు. నా ముక్కను రెండు చేసి సగం ఆయన అరచేతిలో పెట్టాను. పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా ఆయన చేయి గట్టిగా పట్టుకునే ఉన్నాను.