సగం నొక్కిన బటన్లు

‘ముందెవరు’ ఆట మా కిర్గిజ్ టెలివిజన్‌లో ముప్పై ఏళ్ళు నడిచింది. శనివారం సాయంత్రం అది మొదలయ్యే వేళకు బజారులో పుచ్చకాయలమ్మేవాడు కూడా బేరం మధ్యలో ఆపేసి, టీవీ ఉన్న కొట్లోకి దూరేవాడు. ఇప్పటి పిల్లలు అది కొండలతోపాటే పుట్టిందనుకుంటారు. పురిట్లోనే దానికి రెండుసార్లు గండం వచ్చిందనీ, మూడోసారి గట్టెక్కించినావిడ ఏనాడూ తెర మీద కనబడలేదనీ వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆవిడ పేరు జూరకన్.

కోచ్‌కోర్ లోయలో గొర్రెల కాపరి కూతురు. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి రేడియో విప్పి మళ్ళీ బిగిస్తే రెండు మరలు మిగిలాయట, రేడియో మాత్రం మునుపటికంటే బాగా పాడిందట. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. కోచ్‌కోర్ వాళ్ళు గుర్రాల గురించీ రేడియోల గురించీ చెప్పేది సగానికి సగం తగ్గించుకుని వినాలి. పద్దెనిమిదేళ్ళు కొలత పరికరాల ఫ్యాక్టరీలో పనిచేసిందన్నది మాత్రం గట్టి నిజం. తొంభై రెండు వసంతంలో ఆ ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. అప్పటికి ఆమెకు నలభై ఒకటి. స్టూడియోలో సామాన్ల గది చూసుకునే పని దొరికితే చేరిపోయింది.

ఆ ఆట ఆలోచన తురుస్‌బెక్ అనే ముప్పై ఏళ్ళ కుర్రాడిది. ప్రశ్నలడిగేవాడూ అతనే. ఒకరోజు సామాన్ల గదికి వచ్చి, “ఎజే, నా అక్కవి కదా, ఒక బల్ల దగ్గర ముగ్గురు కూర్చుంటారు. తెలిసినవాడు బటన్ నొక్కాలి. ఎవడు ముందు నొక్కితే వాడి దీపమే వెలగాలి, మిగతా రెండూ చచ్చిపోవాలి. అలాంటిది మాస్కోలో అడిగితే ఏడాది పడుతుందన్నారు,” అన్నాడు.

“మాస్కో ఇప్పుడు వేరే దేశంలో ఉంది తమ్ముడూ,” అంది జూరకన్. “పందొమ్మిది రోజులియ్యి.”

పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పారేసిన రిలేలు, కూలగొడుతున్న ఇళ్ళ కాలింగ్ బెల్ బటన్లు మూడు, ఫోటో స్టూడియో చీకటి గదిలోని ఎర్ర బల్బులు మూడు. వీటితో రొట్టెల పెట్టె అంత పెట్టె ఒకటి తయారైంది. ఒకటి నొక్కితే లోపల ‘టక్’మని పడేది, తక్కిన రెండింటి నోరు మూతపడేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా అది పట్టుకునేది. ఫ్యాక్టరీలో అంత పనితనం ఆమె చేత ఎవరూ చేయించలేదు. అన్నేళ్ళూ ఎవరో గీసిన బొమ్మలు చూసి బిగించింది. ఇది మాత్రం తన బుర్రలోంచి వచ్చింది.

మొదటి రికార్డింగుకు నేను ప్రేక్షకుల్లో ఉన్నాను. కళాభిమానం కాదు, ఆ శరదృతువులో నగరమంతటా ఇళ్ళకు వేడినిచ్చే గొట్టాలు చల్లబడ్డాయి, స్టూడియోలో దీపాల వేడి ఉండేది. మాలాంటివాళ్ళం అరవైమంది టోపీలు తీయకుండా కూర్చున్నాం. గెలిచినవాళ్ళకు ఒక బస్తా పంచదార అన్నారు. అది విని కెమెరా పట్టుకునే జుమాలీ తనూ పోటీకి పేరిస్తానన్నాడు.

తురుస్‌బెక్ మొదటి ప్రశ్న అడిగాడు: “ఇసిక్ కుల్ సరస్సు చలికాలంలో ఎందుకు గడ్డకట్టదు?”

చంటిపిల్లలకూ తెలిసిన సంగతి. ఉప్పునీళ్ళు గనక. నా పక్కన కూర్చున్న ముసలావిడ పైకే గొణిగింది కూడా. బల్ల దగ్గర ముగ్గురూ మర్యాదగా కూర్చున్నారు. దీపం వెలగలేదు. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న, పదో ప్రశ్న. దీపాలు చీకట్లోనే ఉన్నాయి. ప్రశ్నలడిగేవాడి నుదుట చెమట ఒక్కటే మెరుస్తోంది.

డైరెక్టర్ షార్షెన్ పై గదిలోంచి మెట్లు దిగి వచ్చాడు. లావుపాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. అలాంటివాళ్ళ కోపానికే ఎక్కువ భయపడాలి.

“అమ్మాయ్, నీ పెట్టె చచ్చింది.”

జూరకన్ వెళ్ళి మూడు బటన్లూ వరసగా, ఒకటి వదిలాక ఒకటి నొక్కింది. మూడు దీపాలూ వరసగా వెలిగాయి.

“నీ వేలంటే దానికి ముద్దేమో,” అన్నాడు జుమాలీ. అందరూ నవ్వారు. జూరకన్ నవ్వలేదు.

వారం రోజులు కూర్చుని తీగలన్నీ మార్చింది. రెండో రికార్డింగుకు కొత్త మనుషుల్ని పిలిచారు. ఏమైతే అదైందని జూరకన్ పరీక్ష బల్బు ఒకటి చేత్తో పట్టుకుని, బల్లమీద కప్పిన కంబళి పక్కకు తొలగించి కిందికి దూరింది. బటన్ల అడుగు భాగాలు ఆమె ముక్కుకు జానెడు దూరంలో ఉన్నాయి. పైనుంచి ప్రశ్న వినబడింది. మూడు స్ప్రింగులూ ఒక్కసారే కదిలాయి. సగం దాకా దిగాయి, ఆగాయి, మళ్ళీ పైకి లేచాయి.

అప్పుడు గుసగుసలు వినబడ్డాయి.

“అన్నగారు మీరు, మీరే నొక్కండి బైకే.”

“అబ్బే, పెద్దాయన ఉండగా నేనెలా నొక్కుతాను?”

పెద్దాయన గొంతు మరింత చిన్నగా: “నాకెందుకు నాయనా, పంచదార కోసం ఎగబడ్డానంటారు. కుర్రాళ్ళు మీరే కానివ్వండి.”

“మీరు నొక్కందే మేమెలా...”

ఇంతలో సమయం అయిపోయిందని గంట మోగింది.

నేను చాలా దేశాలు తిరిగాను, చెత్తా చెదారం అన్నీ చదివాను. ఒక్కో జాతికి ఒక్కో చోట తొందర. రైలెక్కేటప్పుడు తోసుకునేవాళ్ళను చూశాను, సంతకం పెట్టేటప్పుడు తోసుకునేవాళ్ళను చూశాను, చావు ఇంట్లో ఏడవడానికి తోసుకునేవాళ్ళనూ చూశాను. మావాళ్ళు బల్ల దగ్గర తోసుకోరు. కోసిన గొర్రెలో ఏ ఎముక ఎవరికి వెళ్ళాలో పుట్టిన సంవత్సరాన్ని బట్టి నిర్ణయమవుతుంది, పెద్దవాడి చెయ్యి పళ్ళెంలో పడకుండా చిన్నవాడి చెయ్యి లేవదు. అలాంటి ముగ్గురిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, పైన కంబళి పరిచి, ముందెవరు అని అడిగారు. వాళ్ళు తమకు తెలిసిన జవాబే చెప్పారు: పెద్దవాళ్ళు.

జూరకన్ కంబళి కిందనుంచి దుమ్ముతో బయటికి వచ్చేసరికి డైరెక్టర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“బైకే, పెట్టెలో లోపం లేదు. మనుషులే మరీ మంచివాళ్ళు.”

“మంచివాళ్ళని చూపించడానికి నాకు గంటన్నర దొరకదమ్మా. ఇంకొక్క రికార్డింగ్. అప్పుడూ దీపం వెలక్కపోతే శనివారాలు పాత సినిమాలు వేస్తాం. నీ పెట్టె గోడౌన్‌కి, నువ్వు ఇంటికి.”

“మీరూ పెట్టెదే తప్పంటున్నారా?”

“నేనేమన్నా ఒకటే, ఊరంతా అనేది అదే.”

అదీ నిజమే. అప్పటికే క్యాంటీన్‌లో టీ కాగకపోతే ‘జూరకన్ పొయ్యి’ అనడం మొదలుపెట్టారు. ఉద్యోగం పోయినా ఆమె ఇంకోటి వెతుక్కునేదే. కానీ జీవితంలో తన బుర్రలోంచి పుట్టిన వస్తువు ఒక్కటి, అది చచ్చుదన్న పేరుతో గోడౌన్‌లో పడుంటుంది.

తురుస్‌బెక్ తలపట్టుకున్నాడు. “ఎజే, ఈసారి ఒకే ఈడువాళ్ళని ముగ్గురిని తెస్తాను.”

“ఒకే నెలలో పుట్టినవాళ్ళని తే, ఎవరు పొద్దున పుట్టారని అడుగుతారు. ఒకే పూట పుట్టినవాళ్ళని తే, ఎవడి మేనమామది ఏ వంశమని అడుగుతారు. అదొద్దు. ఉన్నవాళ్ళలోకెల్లా పెద్దాయన్ని తీసుకురా.”

అలా వచ్చాడు సతార్‌కుల్. ఆత్‌బాషి పచ్చిక బయళ్ళలో యాభై ఏళ్ళు గుర్రాలు మేపినవాడు. డెబ్భై ఒక్కేళ్ళు, గడ్డం మంచులా ఉంది. రేడియో వినీ వినీ లోకంలో ఉన్న రాజధానులన్నీ నోటికి వచ్చినవాడు. అతనితో పాటు ఒర్మోన్ అని నలభై ఏళ్ళ లెక్కల మాస్టరు, కుముషాయ్ అని తలాస్‌లో పశువుల డాక్టరు దగ్గర పనిచేసే పాతికేళ్ళ పిల్ల. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచి పెద్దాయన ముందు తల ఎత్తలేదు.

రికార్డింగుకు ముందు, మా మర్యాద ప్రకారం టీ గిన్నె సగమే నింపి పెద్దాయన చేతికిచ్చి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

“అతా, ఒక మాట అడుగుతాను. గుర్రప్పందెంలో మీ మనవడు మీ గుర్రం వెనకాలే ఆగిపోయాడనుకోండి, తాతని దాటకూడదని. ఏం చేస్తారు?”

“కొరడాతో వీపు చీరేస్తాను.”

“అదేంటతా, మర్యాద చేశాడుగా?”

“నాకు చేశాడు. గుర్రానికి చెయ్యలేదు. ఏడాదంతా మేపి పందేనికి తెచ్చిన గుర్రాన్ని పట్టి ఆపుతాడా వెధవ?”

“ఇక్కడ జరిగేదీ పందెమే.”

ముసలాయన చుట్టూ చూశాడు. “గుర్రమేదీ మరి?”

“ఆ పెట్టె అతా. నేనే మేపాను. రెండుసార్లు బరిలోకి తెచ్చాను. రెండుసార్లూ మీలాంటి పెద్దల మీద గౌరవంతో పిల్లలు కళ్ళెం పట్టి ఆపేశారు. ఇవాళ కదలకపోతే దీన్ని కటికవాడికి ఇచ్చేస్తారు.”

ఆయన టీ తాగడం పూర్తిచేశాడు. గిన్నె వెనక్కిచ్చాడు.

దీపాలు వేశారు. తురుస్‌బెక్ గొంతు సవరించుకుని మొదటి ప్రశ్నకు కాగితం ఎత్తాడు. సతార్‌కుల్ చెయ్యెత్తి ఆగమన్నాడు.

“అబ్బాయ్, పందెం మొదలెట్టే ముందు దీవించకుండా ఎలా?”

“అతా, అది స్క్రిప్టులో లేదు...”

“మీ నాన్న పేరు కూడా అందులో లేదు. అందుకని లేకుండా పోయాడా?”

ముసలాయన రెండు అరచేతులూ తెరిచాడు. అంతే. ఒర్మోన్ తెరిచాడు, కుముషాయ్ తెరిచింది, మేం అరవైమందిమీ తెరిచాం. జుమాలీ కెమెరా వదిలేసి అరచేతులు తెరిచాడు. వదిలేసిన కెమెరా మెల్లగా కిందికి వాలి, ఎవరిదో అరిగిన బూటు చూపిస్తూ ఆగింది. పై గదిలో అద్దం వెనక డైరెక్టర్ షార్షెన్ చేతులూ పైకి లేవడం నేను చూశాను. పాతికేళ్ళు కమ్యూనిస్టు పార్టీ మనిషి అతను. చేతులకు పార్టీ లేదు.

“నా ముందున్న దారి వదిలాను,” అన్నాడు సతార్‌కుల్. “ఈ బల్ల దగ్గర తాతా లేడు, కోడలూ లేదు, పందెగాళ్ళే ఉన్నారు. నన్ను దాటినవాళ్ళ గుర్రం కాలు తడబడకుండుగాక. నా కోసం ఆగినవాళ్ళకు నా దీవెన లేదు. ఓమిన్.”

అందరం చేతులతో ముఖాలు తుడుచుకున్నాం. జుమాలీ కెమెరా దగ్గరికి పరిగెత్తాడు.

మొదటి ప్రశ్నకు దీపం వెలగలేదు. రెండోదానికి లెక్కల మాస్టరు కళ్ళు మూసుకుని, చన్నీళ్ళలోకి దూకేవాడిలా బటన్ మీద వేలు గుద్దాడు. టక్. ఎర్రటి వెలుగు ఆయన ముక్కు మీద పడింది. ఆయనే ఉలిక్కిపడ్డాడు. ప్రేక్షకుల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, ఇక ఎవరూ ఆగలేదు. సతార్‌కుల్ వరసగా నాలుగు రాజధానులు లాక్కున్నాడు. ఐదోదాన్ని కుముషాయ్ తల వంచుకునే లాక్కుంది. ముసలాయన గడ్డం దువ్వుకుంటూ, “ఊఁ, ఈ గుర్రప్పిల్ల పళ్ళు చూపిస్తోంది,” అన్నాడు. జూరకన్ ఒక మూలన, ఒక్కో టక్‌కీ వేళ్ళు మడుస్తూ నిలబడింది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక లెక్క మానేసింది.

చివరికి ముసలాయనా ఆ పిల్లా సమానంగా నిలిచారు. ఒక్క ప్రశ్న మిగిలింది. తురుస్‌బెక్ చదివాడు: “గుర్రానికి మొదటి పాలపళ్ళు ఏ వయసులో రాలతాయి?”

స్టూడియో మొత్తం ముసలాయన వైపు తిరిగింది. గుర్రాల నోళ్ళు తెరిచి చూడ్డంలోనే ఆయన జీవితమంతా గడిచింది. పశువుల డాక్టరు దగ్గరి పిల్లకూ ఆ సంగతి తెలుసు. తెలుసుననీ అందరికీ కనబడుతోంది, మెడ దాకా ఎర్రబడింది. గుర్రాల సంగతిలో ఆత్‌బాషి కాపరిని దాటడమంటే మామూలు దాటడం కాదు. ఆమె వేలు బటన్ మీద ఉంది. జూరకన్‌కు అక్కణ్ణించి స్ప్రింగు కనబడదు గానీ అది సగంలో ఉందని ఆమెకు తెలుసు. నలభై ఒక్కేళ్ళ మనిషి ఊపిరి కూడా సగంలో ఆగింది.

టక్.

దీపం కుముషాయ్‌ది.

“రెండున్నరేళ్ళకి,” అంది ఆ పిల్ల, మొదటిసారి తల ఎత్తి.

ముసలాయన వేలు బటన్ మీదే ఉంది. ఆయనా నొక్కాడు. వెంట్రుకవాసి వెనకబడ్డాడు. పెట్టె ఆ వెంట్రుకను పట్టుకుంది. అందరం ఆయన ముఖం చూస్తున్నాం. ఆయన తన చీకటి బల్బును చూసుకున్నాడు, పక్కనున్న ఎర్రటి బల్బును చూశాడు, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“ఆత్‌బాషి నుంచి ఇక్కడిదాకా నా మాట విన్నది ఇదొక్కతే,” అన్నాడు. “పంచదార బస్తా నేనే బండెక్కిస్తాను.” ఎక్కించాడు కూడా, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా.

డైరెక్టర్ కిందికి వచ్చి పెట్టె ముందు వంగి, మధ్య బటన్ తనే నొక్కి చూశాడు. వెలిగింది. “ఆ దీవెన కోసెయ్యమనా బైకే?” అని తురుస్‌బెక్ భయపడుతూ అడిగాడు.

“కోస్తే నీ చెవులు కోస్తాను. ప్రతి వారం ఉండాలి. అమ్మాయ్ జూరకన్, ఇలాంటిది ఇంకోటి చెయ్యి. దీనికి జలుబు చేస్తే?”

ఆమె మరో నాలుగు చేసింది. అందులో ఒకటి పదిహేడేళ్ళు మరమ్మతు లేకుండా నడిచింది. ప్రతి ఆటలోనూ బల్ల దగ్గరి పెద్దవారు అరచేతులు తెరిచి దారి వదలడం చివరి వారం దాకా సాగింది.

కానీ ఆమె గెలుపు నేను చూసింది స్టూడియోలో కాదు. ఆట టీవీలో వచ్చిన మొదటి శనివారం నన్నూ వాళ్ళింటికి పిలిచింది. రెండు గదుల ఇంట్లో ముప్పైమందిమి. అటక మీద పిల్లలు, తలుపు దగ్గర పొరుగువాళ్ళు. టీవీ ముందు పరుపు మీద ఆమె అత్తగారు. ఎనభై ఏళ్ళావిడ, కోడలు చేసిందేదీ ఎన్నడూ బాగుందని అనలేదని ఆ వీధంతా చెప్పుకుంటారు. మొదటి దీపం వెలగగానే ముందున్న జనం లేచి నిలబడ్డారు. అత్తగారికి తెర కనబడలేదు. చేతికర్రతో వాళ్ళ పిక్కల మీద ఒక్కటిచ్చింది.

“కూచోండర్రా. ఆ మాస్టరు ముక్కు ఎవడిక్కావాలి? మా కోడలి దీపం చూడనివ్వండి.”

జూరకన్ వంటింటి గుమ్మంలో, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. అత్తగారు వెనక్కి తిరగకుండానే తన పక్కన పరుపు మీద చేత్తో తట్టింది.

“ఇలా రా. ఇది ఎలా వెలుగుతుందో చెప్పు.”

జూరకన్ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, రిలే గురించి చెప్పడం మొదలుపెట్టింది.