లీవరుకు కట్టిన పేలిక

నా చిన్నప్పుడు మేడ్చల్‌లో మా నాయినకు ఒక రేకుల షెడ్డు, అందులో ఇనుము కోసే ఒక పాత లేత్ మిషన్ ఉండేవి. బడి లేని రోజుల్లో నేను ఆ గడప మీదే కూర్చునేదాన్ని. నాయిన మాటల్లో మహా పిసినారి. మిషన్ చప్పుడే మాకు కబుర్లు.

ఒక ఎండాకాలం శామీర్‌పేట వైపు నుంచి ద్రాక్షతోట పటేల్ ఒకాయన విరిగిన పంపు షాఫ్టు పట్టుకొచ్చాడు. తీగలు వాడిపోతున్నాయి, ఇంకొన్నాళ్లు నీళ్లు పారకపోతే తోట పోయినట్టే. పంపు విదేశీది. కొత్త షాఫ్టు మీద దాని నట్టుకు సరిపడే మరల చుట్లు సిటీలో ఎవరూ కోయలేమన్నారట.

మా మిషన్‌ది అంగుళాల లెక్క, ఆ మరలవి మిల్లీమీటర్ల లెక్క. నాయిన ఎక్కడో అడిగి ఆ లెక్కకు సరిపోయే ఒక పళ్లచక్రం తెచ్చి బిగించాడు. తర్వాత తువ్వాలు అంచు చింపి, ఆ పేలికను టూలును నడిపే లీవరుకు గట్టిగా ముడివేశాడు. మామూలు మరలకైతే ఒక్కో కోత కాగానే లీవరు లేపి, కోసే టూలును వెనక్కి జరిపి, మళ్లీ మిషన్ మీది గీత కలిసినచోట దింపుతారు. ఈ లెక్కలో ఆ గీత కలవదు. లీవరు లేపకుండా మిషన్‌నే వెనక్కి తిప్పుకుంటూ రావాలి. అలవాటుపడ్డ చెయ్యి ఎక్కడ మరిచిపోయి లేపుతుందోనని ఆ ముడి.

పని సగంలో ఉండగా కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. నాయిన షాఫ్టును పట్టి ఉంచే చక్‌ను చేత్తోనే తిప్పడం మొదలుపెట్టాడు. ముందుకు తిప్పితే ఒక సన్నని కోత, మళ్లీ అంతా వెనక్కి. పటేల్ చూసి చూసి ఓపిక పట్టలేకపోయాడు.

"ఉత్తగ ఎనక్కి తిప్పుడెందుకు తమ్మీ, గా లీవరు లేపరాదు?"

"లేపితే తొవ్వ తప్పుతది పటేలా. వచ్చిన తొవ్వలనే మర్లిపోవాలె."

పటేల్ తనూ ఒక చెయ్యి వేశాడు. పొద్దుగూకేదాకా ఇద్దరూ తిప్పారు. చివరికి నట్టు రెండు వేళ్లతో తిప్పితే చివరిదాకా ఎక్కింది. ఆరోజు నాయిన నవ్వాడు.

వారం తిరగకముందే పటేల్ మళ్లీ వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"నీ పని మంచిగనే ఉన్నది తమ్మీ. బాయిలనే నీళ్లు లేవు."

పంపు కాసేపు నడిచాక బావి అడుగంటి గాలి కొట్టిందట. తోట ఎండిపోయింది. ఆయన వెళ్లాక నాకు ఏడుపు ఆగలేదు. అంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరేనా అని నాయినను నిలదీశాను. ఆయన పేలిక ముడి విప్పి, దానితోనే చేతులు తుడుచుకున్నాడు. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు.

ఆ తోట ప్లాట్లయింది. షెడ్డూ పోయింది, నాయినా పోయాడు. మంచిగా చేస్తే మంచే జరుగుతుందని ఎవరైనా చెబితే నాకు నమ్మబుద్ధి కాదు. ఆ నమ్మకం ఆ గడప దగ్గరే పోయింది. అయినా ఏ పనినైనా సగంలో వదిలేద్దామని చెయ్యి తీయబోతే, దానికెవరో పేలిక కట్టినట్టు ఆగిపోతుంది.